మేడిచెట్టు బెరడు ఒలిచింది నేనే

ఇన్నేళ్లుగా నా కడుపులో ఒక చెట్టు ఉంది. నవ్వకండి. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

నాది ధర్మవరం. మగ్గాల చప్పుడు మధ్య పుట్టినదాన్ని. పెళ్లయి పెనుకొండ దగ్గరి పల్లెకు వచ్చేదాకా వేరుశనగ కొమ్మకు కాస్తుందో భూమిలో కాస్తుందో తెలియదు. అయినా తొంభైల చివరికి నన్ను మించిన రైతు లేదని మిడిసిపడేదాన్ని. మా గట్టు అవతల నాగమ్మవ్వ చేను. ఆమె ఇల్లూ బావీ అక్కడే. బావి పక్కన పెద్ద మేడిచెట్టు. దాని నీడకు మావి నాలుగు వేరుశనగ సాళ్లు గిడసబారిపోయేవి. ఆ చెట్టును చూస్తే నాకు ఒళ్లు మండేది.

అవ్వ హిందూపురం పెళ్లికి పోయిన మధ్యాహ్నం, కొడవలితో మొదలు చుట్టూ జానెడు మేర బెరడు ఒలిచేశాను. కనపడకుండా మట్టి ఎగదోశాను. ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. అంత హాయిగా ఎలా తిన్నాను? ఇప్పటికీ అర్థం కాదు.

ఏడాది తిరక్కముందే చెట్టు మోడైంది. ఒకరోజు అవ్వ వచ్చి మా గడపలో కూలబడింది.

"నేనే సంపుకుంటిని కదమ్మా దాన్ని. దినామూ వేడి గంజి ఆడనే పారబోస్తాంటి. యేర్లు ఉడికిపోయినాయేమో."

"అట్లేం కాదులే అవ్వా. చెట్టుకూ వయసైపోతాది గదా."

"మంచిదానివి కాబట్టి అట్లంటాండావు. రా, నీళ్లు పోసి సూస్తాం. మళ్లా సిగురేస్తాదేమో."

పోశాం. వేసవంతా, ఇద్దరం, చచ్చిన చెట్టుకు బిందెలతో. నడుము పట్టేసి నేను మూలుగుతుంటే అవ్వ జాలిపడి ఆముదం రాసేది. ఇంతకంటే శిక్ష ఉంటుందా అనుకున్నాను. ఉంది.

మా ఊరి పక్క కొండ మీద ఏ చెట్టుకూ కాయ లేని నెలల్లో మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులుగా కాసేది ఆ మేడి ఒక్కటే. గోరింకలు, కోయిలలు, గబ్బిలాలు, ఉడతలు, కోతులు, అన్నిటికీ అదే అన్నం. అది పోయేసరికి కోతులు మా వంటింట్లోకి దిగాయి. ఒకటైతే మా ఆయన గడ్డం గీసుకునే అద్దం ఎత్తుకుపోయి, కప్పు మీద కూర్చుని తన మొహం చూసుకుంది. గబ్బిలాలు మా జామచెట్టును ఖాళీ చేశాయి. పిట్టలు మాత్రం వెళ్లిపోయాయి. వానలకు చేనిలో గొంగళిపురుగు పడితే ఏరుకు తినే గోరింక ఒక్కటీ లేదు. నాలుగు సాళ్ల కోసం చెట్టును చంపినదాన్ని, చేను మొత్తం పురుగుకు అప్పగించాను.

పురుగు చూడటానికొచ్చిన వ్యవసాయాధికారి, కరువు నెలల్లో అన్నిటినీ బతికించే చెట్టు ఒకటుంటుందని, అది పోతే దాని చుట్టూ అల్లుకున్న బతుకులన్నీ చెదిరిపోతాయని మా ఆయనకు చెబుతుంటే, నేను కాఫీ నెపంతో లోపలికి జారుకున్నాను. పురుగుకు అదొక్కటే కారణమా? కాకపోవచ్చు. ఆ ఒక్క అనుమానాన్ని పట్టుకుని ఎన్నిసార్లు తప్పించుకోవాలని చూశానో!

తర్వాత గుడిబండ నుంచి మేడి మొక్క తెచ్చి మా చేనిలోనే నాటాను. నీడ ఎన్ని సాళ్ల మీద పడినా సరేననుకున్నాను. ఏడెనిమిదేళ్లకు కాపుకొచ్చింది. ఎవరో కబురు పెట్టినట్టు గోరింకలు గోలగోలగా దిగాయి. అవ్వ బోసినోటితో నవ్వి, నాది చలవ చెయ్యి అని ఊరంతా చెప్పుకుంది. నేనూ నవ్వాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. చివరికి నాలుగు మేడిపళ్లు ఆమె చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాను. మరుసటేడు అవ్వ పోయింది, తప్పు తనదేనన్న నమ్మకంతోనే.

క్షమించమని ఎవరినడగాలి? అడగాల్సిన మనిషి లేదు. మీరు క్షమించినా అది చెల్లదు. అవ్వ తప్పేమీ లేదు. చేసింది నేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతే.