పెద్దపల్లి రాకముందు

మంచిర్యాలలో రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. స్లైడు మీద కనిపించందే ఏదీ నమ్మను. ఎవరైనా దయ్యాల ముచ్చట తీస్తే మొదట నవ్వేది నేనే. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మా బాపు బొగ్గుగని కార్మికుడు. ఫస్టు షిఫ్టుకు ఆయన్ని తెల్లవారుజామున లేపేది మా అవ్వ, అంటే అమ్మే. గట్టిగా పిలిస్తే పిల్లలం లేస్తామని, కాలి బొటనవేలు పట్టి రెండుసార్లు నొక్కేది. ముప్పై ఏళ్లు ఆయనకు అదే అలారం.

పోయినేడు ఒకరోజు, అలసిపోయాడు, కాసేపు పడుకోనీ అని అవ్వ అరగంట ఆగి నొక్కింది. కాలు అప్పటికే చల్లబడింది. రాత్రే నిద్రలో గుండె ఆగిందని డాక్టరు ఎంత చెప్పినా ఆమె వినలేదు. "నేను యాళ్లకు లేపితే బతికెటోడు" అన్న మాటే పట్టుకుంది. ఇక కంటి మీద కునుకు లేదు. చూస్తుండగానే సగమైపోయింది.

వానాకాలంలో ఒక ఆదివారం, సబితం జలపాతం చూద్దామని బలవంతంగా బయల్దేరదీశాను. బాపు ఏటేటా తీసుకుపోతానని, ఏటేటా డ్యూటీ పడిందని ఎగ్గొట్టిన చోటది. పెద్దపల్లి దాకా ప్యాసింజరు, అక్కడినుంచి ఆటో. నిజాం కాలం నాటి లైను. మా తాత గని పని వెతుక్కుంటూ వచ్చింది కూడా ఈ బండిలోనేనట. ఇప్పటికీ ప్రతి స్టేషన్నీ పలకరించి గానీ కదలదు.

గోదావరి బ్రిడ్జి దాటాక ఎదురుగా కూర్చున్న అవ్వ నా పక్క సీటు మీదికి కాళ్లు చాపి, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. గురక కూడా వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. జలపాతం పోతే పోయింది, కాజీపేట దాకా పోయినా సరే, లేపొద్దనుకున్నాను.

అప్పుడు చూశాను. అవ్వ కుడికాలి బొటనవేలు మెల్లగా కిందికి వంగింది. ఎవరో పట్టి నొక్కినట్టు గోరు తెల్లబడింది. మళ్లీ ఎర్రబడింది. ఇంకోసారి తెల్లబడింది. నా రెండు చేతులూ ఒళ్లోని టిఫిన్ డబ్బా మీదే ఉన్నాయి. మేం కూర్చున్న చోట మూడో మనిషి లేడు.

అవ్వ ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా కళ్లు తెరిచి, బయటికి చూడకుండానే, "పా బిడ్డా, పెద్దపల్లి అచ్చింది. మీ బాపు లేపిండు" అంది. "ఆయనకు నా మీద కోపం లేదే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మొదలవుతోంది.

జలపాతం కింద ఆ రోజు ఆమెను బయటికి రమ్మని నేనే బతిమాలాల్సి వచ్చింది. ఇంటికొచ్చి తెల్లారి ఎండ పడేదాకా పడుకుంది.

నరం గుంజి ఉంటుందని మా ల్యాబు డాక్టరు అన్నాడు. కావచ్చు. కానీ పెద్దపల్లి వస్తోందని ఆ నరానికి ఎవరు చెప్పారో నాకింతవరకూ అర్థం కాలేదు.