మామ్మ వద్దన్న గ్లాసు

ఎండుద్రాక్ష నానిన నీళ్ళ వాసన వస్తే చాలు, పొయ్యిమీద పాయసం సంగతి మరిచిపోయి, హార్బరు గాలికి తలుపులు టపటపా కొట్టుకునే మా చర్చిలోకి వెళ్ళిపోతాను. డెబ్బైల చివర, నాన్న పోర్టులో కళాసీగా చేసే రోజులవి. రొట్టెముక్కా, ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసమూ అందరికీ ఇచ్చే సంస్కారపు ఆదివారానికి ముందురోజు ద్రాక్షలు నానబోసి, కాచి, పిండి రసం తీసే పని మా మామ్మది, పిప్పి కోసం కొట్టుకునే పని మా పిల్లలది. వానాకాలం తడిసిన గొడుగుల కంపు, ఎండాకాలం గంజి చీరలూ మల్లెపూలూ, క్రిస్మస్ నాడు బెంచీల కింద మేం దొంగతనంగా నమిలే గులాబీపువ్వుల నూనె వాసన, అన్నీ కలిస్తేనే నాకు ఆదివారం.

మాది ఆంగ్లికన్ పద్ధతి. పుస్తకంలో ఉన్న ప్రార్థన పాస్టరు అయ్యగారు చదవాలి, జనం జవాబు చెప్పాలి, లేవమన్నప్పుడు లేవాలి, మోకరించమన్నప్పుడు మోకరించాలి. అక్షరం ముక్క రాని మామ్మకి అదంతా కంఠతా వచ్చు. గాజువాకలో కొత్తగా వెలిసిన ప్రార్థన మందిరంలోనో, డోలక్కులు, కంజీరలు, చప్పట్లు, ఒకటే హుషారు! మా వీధిలో సగంమంది అటే పోతుంటే, మనమెందుకు ఇంకా ఈ పుస్తకాన్నే పట్టుకు వేలాడుతున్నామని నాకు ఆరాటం. కనపడినవాళ్ళందరి బుర్రలూ తినేశాను. నాన్న, "మా అయ్య ఎల్లేడు, నాను ఎల్తన్నాను. మజ్జిన నీకేటే?" అని కసిరాడు. అయ్యగారు బిషప్పుల దగ్గర మొదలుపెట్టి నాకు ఆవలింతలొచ్చేదాకా వదల్లేదు. మామ్మయితే నా నోట్లో ఇంత పిప్పి కుక్కి ఊరుకుంది.

అయ్యగారికీ దిగులు పట్టుకుంది. ఉన్నవాళ్ళనైనా నిలుపుకోవాలని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాట బయటపెట్టారు. కొత్త మందిరంలోలాగే మనమూ ఒకే గిన్నెలో తాగడం మానేసి, సంస్కారానికి మనిషికో చిన్న గ్లాసు పెట్టుకుందాం, శుభ్రంగా ఉంటుంది అన్నారు. అందరూ తలలూపారు. అంతవరకు సభలో నోరు విప్పి ఎరగని మామ్మ లేచి నిలబడింది.

"నాకొద్దు బాబూ. మా ఊర్ల టీకొట్టుకాడ పెద్దకులాలోల గళాసు మేం ముట్టకూడదు. మాకు యేరే గళాసులు. తాగీసి, మేమే కడిగీసి, సూరుకి తగిలించాల. ఈ ఊరొచ్చి ఈ గుళ్ళో మోకాళ్ళేసిన దినాన, నాను తాగిన గిన్నెలోనే నా పక్కనున్న అప్పటి ఆఫీసరమ్మగారు తాగీసింది. పేనం ఉన్నన్నాళ్ళూ ఇదే నా గుడి అనుకున్నాను. మళ్ళీ నా సేతికి యేరే గళాసిత్తావా బాబూ?"

అప్పుడు పోర్టు ఆఫీసరుగారి భార్య ముందు బెంచీ మీంచి లేచి, పట్టుచీర సర్దుకుంటూ వెనక్కి వచ్చి, మామ్మ పక్కన కూర్చుంది. "గిన్నె ఎక్కడికీ పోదు పెద్దమ్మా" అన్నారు అయ్యగారు. నాకు ఏడుపు ఆగలేదు. గాజువాక వెళ్ళేవాళ్ళు వెళ్ళారు గానీ, మనమెందుకు ఇక్కడ అని నేను మళ్ళీ ఎవరినీ అడగలేదు.

ఆ గిన్నె మామ్మ పోయాక కూడా చాన్నాళ్ళు అందరి నోళ్ళూ తిరిగింది. కరోనాతో బీరువాలోకి వెళ్ళి ఇంక బయటికి రాలేదు. ఇప్పుడు పళ్ళెంలో ప్లాస్టిక్ గ్లాసులు తెస్తారు. రోగాల కాలం, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, పైగా ఆఫీసర్లకీ మాకూ అవే గ్లాసులు కదా అని మనసుకి నచ్చజెప్పుకుంటాను. అయినా ఆ రసం గొంతు దిగేసరికి, నేనెన్నడూ చూడని ఆ టీకొట్టు ముందు నిలబడ్డట్టయి, ఖాళీ గ్లాసు గుప్పిట్లో నలిపేస్తాను.