కుప్పయ్యకు పాడని ఒప్పారి

సత్యవేడు చుట్టుపక్కల ఏ ఇంట్లో చావు జరిగినా తిరుమలమ్మకు కబురు వెళ్తుంది. ఆమె ఒప్పారి పాడుతుంది. పోయిన మనిషి బతుకును, చావును వరుసగా చెప్పుకుంటూ ఏడ్చే పాట అది. ఆమె ఒక చరణం ఎత్తుకుని ఆపితే, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ అందుకుంటారు. నలభై ఏళ్లుగా అదే ఆమె పని.

తమ్ముడి కూతురు లోహిత బడిలో ఇంగ్లీషు చెబుతుంది. వేరువేరు దేశాల్లో చావుపాటలు పాడే ఆడవాళ్లు నెలకోసారి వీడియో కాల్‌లో కలుస్తారని తెలిసి, మేనత్తను వాళ్లతో కలిపింది. జార్జియా నుంచి ఎలిసో, ఘనా నుంచి అకువా, ఇంకో నలుగురు. చావు లేని ఇంట్లో ఒప్పారి పాడకూడదు. అందుకని ఇద్దరూ చేలోని మోటారు రూములో కూర్చునేవారు.

మొదటిరోజు పాడమంటే తిరుమలమ్మ, "ఎవురు సచ్చినారు?" అంది.

"ఎవురూ సావలేదత్తా. ఊరికే వినాలంట."

"ఊరికే ఏడ్సేదానికి నాకేమన్నా పిచ్చా?"

అప్పుడు అకువా చనిపోయిన తన అక్క పేరు చెప్పింది. పేరొక్కటి చాలలేదు. నీళ్లెవరు పోశారు, ఏ గుడ్డ కట్టారు, ఏ దారిన మోశారు, అన్నీ అడిగింది తిరుమలమ్మ. అటూ ఇటూ మాట చేరవేసి లోహిత అలిసిపోయింది. తర్వాత తిరుమలమ్మ పాడితే, ఒక్క తెలుగు ముక్క రాని అకువా తలపట్టుకుని ఏడ్చింది. ఆపైన నెలకొకరి ఇంట పోయిన మనిషికి పాడుతూ వచ్చింది.

ఈ నెల ఎలిసో, "నీ వాళ్లకు పాడవా?" అని అడిగింది.

లోహిత ఆ మాట మెల్లగా చెప్పింది. తిరుమలమ్మ భర్త కుప్పయ్య కరోనా రెండో ఏడు ఆస్పత్రిలో పోయాడు. శవం ఇంటికి రాలేదు. ఆమె కూడా జ్వరంతో పడి ఉంది. ఊళ్లో ఎవరూ గడప తొక్కలేదు. తర్వాత పాడుదామంటే కోడలు కడుపుతో ఉంది. ఆపైన ఇంట్లో పసిబిడ్డ. ఏళ్లు గడిచిపోయాయి.

"పాడత్తా. ఈడ ఎవురొద్దంటారు?"

"ఆయనే వద్దంటాడు మే. బతికినన్నాళ్లూ నోర్మూసుకోమన్న మనిషి," అంటూనే తిరుమలమ్మ కొంగు నడుముకు చుట్టింది.

ఎత్తుకుంది. సంగటిలో ఉప్పు తగ్గితే కుప్పయ్య అలిగి చేలోనే పడుకునేవాడని పాడింది. కల్లంలో శనక్కాయల కుప్ప మీద కూర్చుని కూతురికి జడ వేసేవాడని పాడింది. చరణం ఆపిన ప్రతిసారీ తెరలోంచి ఆరు గొంతులు అందుకున్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఆలస్యంగా, దేనికీ దేనికీ పొంతన లేకుండా. ఆమె పట్టించుకోలేదు.

పాటలో జ్వరం వచ్చింది. అంబులెన్స్ వచ్చింది. కుప్పయ్య తనే ఎక్కాడు. "వచ్చేస్తాలే," అన్నాడు. తలుపు మూశారు.

ఆ తర్వాతి చరణం శవానికి నీళ్లు పోసేది. తిరుమలమ్మ ఊపిరి పీల్చుకుంది. "నీకు నీళ్లు పోసినోళ్లు..." అని ఆగిపోయింది.

చరణం అయిందనుకుని తెరలోని ఆడవాళ్లు అందుకున్నారు. గుండెలు బాదుకున్నారు. ఏడ్చి ఏడ్చి ఊరుకుని, ఆమె కోసం చూస్తూ కూర్చున్నారు.

"ఆపేయి మే."

"అయిపాయనా అత్తా?"

"లే. ఆడిదాకే తెలుసు నాకు."