జవాబొచ్చింది, పనయిందా?

ఏదీ బాబాయికి ఉన్నది ఒకటే రోగం: పనయిందంటే నమ్మడు. "అయిందా? ఏదీ, చూపించు!" అంటాడు. అందుకే ఆఫీసులో అందరికీ ‘ఏదీ’ బాబాయే, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

లిఫ్టు మూడో అంతస్తని చూపిస్తే, బయటికి తొంగిచూసి గానీ దిగడు. కట్టుకున్న భార్యను కూడా వారానికోసారి అడుగుతాడట, "పెళ్ళినాడు ఒప్పుకున్నావు సరే, ఇప్పుడో?" అని. "ఈ వారానికి ఒప్పుకున్నా, కాఫీ తాగండి" అంటుందావిడ.

ఇలాంటి మనిషిని తెచ్చి, ఆస్పత్రికి అపాయింట్‌మెంట్లిచ్చే వెబ్ సర్వీసుకు కాపలా పెట్టారు! దాన్ని రాసిన అమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. ఆమె ఉద్యోగం ఖాయమో, ఇంటికి పంపడమో ఆ వారంలోనే తేలాలి. తెర మీద అంతా సవ్యమనే పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతున్నా, ఈయన మోకాళ్ళ నొప్పులున్న ఒక ఉత్తుత్తి అవ్వను పుట్టించి, ఐదు నిమిషాలకోసారి ఆవిడ పేరున అపాయింట్‌మెంట్ తీసుకుని, అది ఆస్పత్రి జాబితాకెక్కిందో లేదో చూసి, రద్దు చేసేవాడు. ఒకరోజు రద్దు చేయడం మరిచాడు. పాపం నర్సు చక్రాల కుర్చీతో గంటసేపు గుమ్మంలో నిలబడి, ఆనక ఫోన్లో మేనేజర్‌ని దులిపేసింది.

"పరీక్షలన్నీ పాసయ్యాకే కదా బాబాయ్ బయటికి వదిలాం! ఇంకా ఏంటి మీ అనుమానం?" అని అమ్మాయి మండిపడింది.

"పాసైంది నిన్న కదమ్మా. నడుస్తున్నది ఇవాళ."

మర్నాడు పొద్దున్నే ఆమె సర్వీసులో ఓ చిన్న మార్పు చేసింది. గంట తిరక్కుండా బాబాయి ఫోనుకు అతుక్కుపోయాడు. తనను సతాయించడానికి తీరికుంటుంది, పైగా కబుర్లొకటా! నాలుగూ దులిపేద్దామని ఆమె విసవిసా వెళ్ళి, ఆయన వెనక నిలబడి ఫోన్లో మాటలు వింది.

"తాతగారూ, బయల్దేరకండి. మీకు ఖాయమని జవాబొచ్చింది గానీ, జాబితాలో మీ పేరెక్కలేదు. తప్పు మాదే. రేపు తొమ్మిదింటికి రాయించాను. నా కళ్ళతో చూశాను."

బల్ల మీద కాగితంలో ఆయన ఫోను చేయాల్సిన పదకొండు పేర్లు, పదింటి పక్కన టిక్కులు. ఆమె మార్పు తర్వాత సర్వీసు అందరికీ "ఖాయం" అన్నదే తప్ప ఒక్కరినీ జాబితాకెక్కించలేదు. ఆ సంగతి ఉత్తుత్తి అవ్వ పేరుతోనే బయటపడింది. బాబాయి వెంటనే ఆ మార్పు తీసేసి, ఫోను పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అని ఆమె అడిగింది.

"కంగారులో ఇంకో తప్పు చేస్తావని. ముందు వీళ్ళ సంగతి చూద్దామనుకున్నా."

ఆమె తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పేసింది. ఆయన బాబాయిని పిలిపించాడు.

"మళ్ళీ చెయ్యదని ఏంటి నమ్మకం?"

"తప్పు తనదని తనే వచ్చి చెప్పిందిగా. ఇక ఈ పిల్ల మాట చూడకుండానే నమ్ముతా. ఉద్యోగం ఖాయం చెయ్యండి."

ఆఫీసంతా నోరెళ్ళబెట్టింది. అమ్మాయి మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే కయ్యిమంది.

"నమ్మడమేంటి బాబాయ్! ఐదు నిమిషాలకోసారి చూడకపోతే ఊరుకునేది లేదు!"