మామ క్యాసెట్‌లో సముద్రం

మొన్న సూర్యాపేట బస్టాండ్‌లో మిర్యాలగూడ బస్సు కోసం ఎదురుచూస్తుంటే ఫోన్‌లో ఆ సంగీతం దొరికింది. పలకల మీద నిలబడి అలలపై జారే కుర్రాళ్ల పాత విదేశీ సినిమా ఒకటుంది, దాని నేపథ్య సంగీతం. కడిగిన ముత్యంలా ఉంది. నాకు నచ్చలేదు. గిటార్ మొదలైన కాసేపటికి రావలసిన కుక్కర్ విజిల్ రాలేదు.

తప్పు సంగీతానిది కాదు, మా మేనమామది. మిర్యాలగూడలో మైక్ సెట్ నడిపే మామ, వాడపల్లి దగ్గర కృష్ణను తప్ప ఇంకో పెద్ద నీటిని చూసినవాడు కాదు. కుర్రతనంలో ఈ సినిమా వీడియో కిరాయికి తెచ్చి, టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి సంగీతమంతా ఎక్కించుకున్నాడు. దాంతోపాటు అమ్మమ్మ వంటిల్లూ ఎక్కింది. అక్కా నేనూ పెరిగింది ఆ క్యాసెట్ వింటూనే. గిటార్ తీగ బావిలో కూర్చుని మీటినట్టు వణుకుతుంది. వెనక డ్రమ్ములు అలను మెల్లగా పైకి లేపుతాయి. అది విరగబోయే ముందు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మామ దృష్టిలో అసలు సంగీతం ఆ నిశ్శబ్దమే, తర్వాత విరుచుకుపడే బాకాలు భోజనం మీద తాంబూలం. ఏ ఫంక్షన్‌లోనైనా ఆయన బాక్సులు పరీక్షించేది దీంతోనే. తుంగతుర్తిలో ఒక సత్యనారాయణ వ్రతం సముద్రఘోషతో మొదలైంది. దేవుడు ఏమీ అనుకున్నట్టు లేదు.

అక్క పెళ్లికి చీరతోపాటు మైక్ సెట్ కూడా తానే పెడతానన్నాడు మామ. సాయంత్రం కోదాడలో, అత్తగారి ఊళ్లో బరాత్ ఊరేగింపు; ముందు మామ మైక్ బండి, వెనక పెళ్లికారు. గిటార్ మొదలవగానే పెళ్లికొడుకు పెదనాన్న వచ్చాడు. “పెళ్లికి మాటల్లేని ఈ గోలేంటండీ? మార్చండి. లేదంటే మా డీజే వస్తాడు, మీ బండి ఇంటికెళ్తుంది.” మేనకోడలి బరాత్‌లోంచి మేనమామను వెనక్కి పంపితే ఆ రెండిళ్ల మధ్య ఇక శుభలేఖలు కూడా పోస్టులోనే నడుస్తాయి.

సరిగ్గా అప్పుడే సంగీతం ఆగింది. అల విరగబోయే చోటు. జనం సెట్ కాలిపోయిందనుకున్నారు. “చూశారా, దేవుడే ఆపాడు,” అన్నాడు పెదనాన్న. మామ బటన్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

“జర ఆగుండ్రి అన్నా. అల లేస్తున్నది.”

కోదాడలో అల! నేను పెదవి కొరుక్కున్నాను. బాకాలు విరుచుకుపడ్డాయి, పెదనాన్న డీజేకు ఫోన్ తీశాడు. కారులో తలొంచుకుని కూర్చోవలసిన అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

“మామా, సౌండ్ పెంచు. గిది అయ్యేదాకా కారు కదలదు.”

బావ ముందుకు వంగి కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పెళ్లయిన రోజే ఎవరి మాట వినాలో తెలిసిన మనిషి. పెదనాన్న ఫోన్ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వెనక లారీలు హారన్లు కొట్టాయి; అవి కూడా శ్రుతిలోనే ఉన్నాయని మామ ఇప్పటికీ వాదిస్తాడు.

ఏళ్లు పక్కనుంచి దాటుకుని పోతూనే ఉన్నాయి, పోనీ; ఆ సాయంత్రం మాత్రం ఇంకా కోదాడ మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్‌కు అడ్డంగానే ఉంది, తియ్యమని ఎవరూ మమ్మల్ని అడగొద్దు.