జాట్‌ల వంశంలో లేని పేర్లు

నా చిన్నప్పుడు నేను కుళ్లుకున్నది ఎవరి నగలు చూసో కాదు, పక్కింటి పిల్ల ముత్తాతల్ని చూసి. మేముండేది సికింద్రాబాద్‌లో, మిలిటరీ క్వార్టర్ల వెనక. మా నాన్న అక్కడి వాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేవాడు. పక్కింటి వాళ్లు హర్యానా జాట్లు. ఒక ఎండాకాలం వాళ్ల వంశం చదివే భట్టు ఊరి నుంచి వచ్చాడు, మన భట్రాజులాంటి వాడే. మంచం మీద కూర్చుని పాటలా చదివాడు. వాళ్ల మూలపురుషుడు ఎండిన నేల విడిచి ఒంటెతో బయల్దేరాడట. తవ్విన బావుల్లో అన్నీ ఉప్పునీళ్లేనట. తీపినీళ్లు పడ్డచోట ఆగిపోతే, ఆయన పేరే గోత్రం పేరైందట. ఆ తర్వాత కొడుకులు, మనవలు, వాళ్ల కొడుకులు. పక్కింటి పిల్ల నా వైపు చూసి నవ్వుతోంది. నాకు కడుపు మండిపోయింది. మాకు తాత పేరు దాటితే ఏమీ తెలియదు మరి.

ఉండబట్టలేక, ఇందులో దీని పేరెక్కడ అని అడిగాను. ఆడపిల్లల పేర్లుండవన్నాడు భట్టు. దాని మొహం వాడిపోయింది. నాకు చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు.

వాళ్ల నానమ్మ మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. తిడుతుందనుకున్నాను. రొట్టెముక్కలు నెయ్యి, బెల్లంతో ముద్దచేసి చేతుల్లో పెట్టింది.

"నా పేరు కూడా లేదందులో. ఫలానా గోత్రం వాళ్ల పిల్ల అని చదువుతాడు, అంతే."

పిండి పిసుకుతూ తన అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు చెప్పి మాచేత అనిపించింది. తర్వాత నాతో, "రేపు మీ వాళ్లవి పట్టుకురా. లేకపోతే ముద్ద లేదు," అంది.

సాయంత్రం మా అమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేస్తూ ఒక్కొక్క పేరే గుర్తుచేసుకుని చెప్పింది. మర్నాడు లెక్కపెడితే వాళ్లకంటే నాకు ఒక పేరు ఎక్కువొచ్చింది. పక్కింటి పిల్ల చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక్కడ డబ్లిన్‌కి వచ్చాకే, ఈ వయసులో, మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మొదట రాసింది ఆ పేర్లే. మొన్న పార్కులో ఒక జాట్ పెద్దాయన తన గోత్రం ఎంత పాతదో చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్లకీ నాకు అదే మంట.

"మీ నానమ్మ పేరేంటి, భాయ్‌సాబ్?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. కాసేపటికి ఫోన్ తీసి, ఇండియాలో నిద్రపోతున్న అక్కను లేపాడు. "అమ్మమ్మా, లేట్ అవుతోంది, కార్ ఎక్కు," అని మనవరాలు పిలుస్తూనే ఉంది. ఆ పేరు వినేదాకా నేను బెంచీ మీంచి లేవలేదు.