గట్టమ్మ తోడు గిన్నె

మా మేనత్తను వీధంతా గట్టమ్మ అనేది. ఆమె పెరుగు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. రెంటికీ కలిపి పెట్టిన పేరే అది. మా పెరుగు దుకాణంలో ఫ్రిజ్ లేదు, రేకుల కప్పు కింద ఉడికిపోయేవాళ్లం. అయినా ఎంత ఎండలోనూ ఆమె పెరుగు వాసన వచ్చేది కాదు, జిగురు సాగేది కాదు.

పాల కేంద్రంలో పరీక్షలు చేసే కళ్లజోడాయన ఓసారి దాని గుట్టు చెప్పాడు. తోడులోని సూక్ష్మజీవులు తమంతట తామే మందులాంటి పదార్థం ఒకటి తయారు చేస్తాయట. పాలను పాడుచేసే క్రిములను అది చంపేస్తుందట.

"అంటే నా గిన్నెలో కాపలావాళ్లున్నారన్నమాట" అని అత్త మురిసిపోయింది.

ఆ తర్వాత పట్టు మరీ బిగించింది. వారసత్వంగా వచ్చిన ఆ తోడును ఒక్క గిన్నెలోనే ఉంచేది. రెండు గిన్నెలుంటే ఒకటి ఎవరి చేతికో పోతుందని భయం. కన్నకూతురు ఊరి అవతల పెరుగు కొట్టు పెట్టుకుంటూ చెంచాడు తోడడిగితే, "నా తోడు నా గడప దాటదు. దాంతో పెరుగు తోడేశావని తెలిస్తే నీ మొహం చూడను" అంది. కడుపున పుట్టినదాన్ని అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! ఆ పిల్ల మళ్లీ అడగలేదు.

ఆ చలికాలం పెరుగు తోడుకోక సతాయించింది. ఒక కంపెనీవాడు పొడి తోడు ప్యాకెట్ ఇచ్చాడు, త్వరగా తోడుకుంటుందని. మంచికి మంచి కలిస్తే చెడేదేముందిలే అనుకుని అత్త దాన్ని తోడు గిన్నెలోనే కలిపేసింది. పెరుగు రాయిలా పేరుకుంది. అందరం సంబరపడ్డాం. ఎండలు ముదిరాకే పెరుగు కంపు కొట్టడం మొదలైంది.

కళ్లజోడాయన పరీక్ష చేసి తల అడ్డంగా ఊపాడు. "మీ పాతవి ఒక్కటీ మిగల్లేదమ్మా. ప్యాకెట్లోవి చంపేశాయి."

"మావే కదండీ చంపేది?"

"అవీ అలాంటి మందే వదుల్తాయి. కాకపోతే అది దగ్గరి చుట్టాల మీదే ఎక్కువ పనిచేస్తుంది, పాలను పాడుచేసే క్రిముల మీద కాదు."

దాయాదుల పోరు మనుషులకే అనుకున్నాను ఇన్నాళ్లూ.

పాత తోడు కాస్తయినా దొరుకుతుందేమోనని వాడుకగా కొనేవాళ్లందరి గుమ్మాలూ తొక్కాం. కొన్న పెరుగు తినేసేవాళ్లే గానీ దాచినవాళ్లు లేరు. ఇంట్లో తోడేసుకున్న ఒకరిద్దరి దగ్గర అది ఇతర తోడులతో కలిసి ఎప్పుడో మారిపోయింది. ఇక మిగిలింది కూతురి కొట్టే. దారి పొడుగునా అత్త దేవుళ్లకు మొక్కుకుంటూనే ఉంది. దొంగతనంగానైనా ఆ పిల్ల దాచి ఉంటే బాగుండునని నేనూ దేవుడికి మొక్కాను.

కూతురు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడింది. అత్త గుమ్మంలోనే అడిగేసింది.

"నాకు తెలీకుండా మన తోడు తెచ్చుకున్నావా? తిట్టనే. నిజం చెప్పు."

ఆ పిల్ల తల దించుకుంది. "ఒకసారి మనిషిని పంపి నీ పెరుగు కొనిపించుకున్నానమ్మా. తోడుకుంచుదామనే."

అత్త ముఖం విప్పారింది. "ఏదే? ఎక్కడుంది?"

"పాలు కాచి, చెంచా కూడా పట్టుకున్నాను. నువ్వు వద్దన్నావని గుర్తొచ్చి మనసొప్పలేదు. అన్నంలో కలుపుకుని తినేశాను."

అత్త గుమ్మంలోనే కూలబడిపోయింది. కూతురు పరుగున వచ్చి పట్టుకుంటే, ఆ చెయ్యి వదలకుండా ఏడ్చింది.

"నా మాట వినకపోతే ఏం పోయిందే తల్లీ నీకు?"